ఆ ఇంటికి ఎటునుంచి వెళ్లాలి

ఆవిడ పోయిందన్న కబురు మా తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. పోయిందెవరో తేలేసరికి సాయంత్రమైంది. కబురులో ఆవిడ అసలు పేరు రాశారు మరి. ఆ పేరు ఎవరికీ తెలీదు.

"ఎవరండీ ఈవిడ?" అని ఒకరు. "అదేనండీ, టోపీ ఆంటీ" అని ఇంకొకరు. "టోపీ ఆంటీ ఇండియా వెళ్లిపోయారు కదండీ, ఈవిడ మ్యూజియం ఆంటీ అయ్యుంటారు." "ఆ ఇద్దరూ ఒక్కరేనండీ బాబూ." "మరి కార్డులావిడో?" ఈ గందరగోళంలో ఎవరో తొందరపడి, నిక్షేపంలా ఉన్న ఇంకో ఆంటీ ఫొటో పెట్టి ఆత్మకు శాంతి కలగాలన్నారు. "నేను బాగానే ఉన్నాను, పులిహోర కలుపుతున్నాను" అని ఆ ఆంటీ జవాబిచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడ విషయంలో ఏది ముందు రావాలో నాకెప్పుడూ తెలిసేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కూతురు మాయ ఫోన్ చేసింది. మాయ ఇక్కడే పుట్టింది, ఇప్పుడు క్యాన్‌బెరాలో హారిసన్‌లో ఉంటుంది. తెలుగు బాగా అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం సగం దూరం తెలుగులో వచ్చి అక్కణ్ణుంచి ఇంగ్లీషెక్కేస్తుంది.

"సుధా, శుక్రవారం ఫ్యూనరల్. నువ్వు కొంచెం మాట్లాడాలి. అమ్మ వుడ్ హావ్ వాంటెడ్ ఇట్, ఐ థింక్."

"తప్పకుండా మాయా."

"బుక్‌లెట్ ప్రింట్ చేయిస్తున్నాం. మాట్లాడేవాళ్ల పేర్లు, కింద హౌ దే న్యూ హర్. నాకు డాటర్. యూని నుంచి వచ్చే ఆయనకి కొలీగ్. నీకేం పెట్టమంటావ్? ఫ్రెండ్?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"స్టూడెంట్ అనలేం కదా, నువ్వు అమ్మ దగ్గర చదవలేదు. యూ క్లీన్డ్ ఫర్ హర్, రైట్? అది రాస్తే బాగోదు."

"రేపటిదాకా ఆగుతావా?"

"రేపు ఆరింటికల్లా ప్రింటర్‌కి పంపాలి, సుధా. ప్లీజ్" అంది.

అదీ సంగతి. నా పేరు కింద వెయ్యడానికి ఒక్క మాట కావాలి. ఆవిడకి నేనేమవుతానో చెప్పే మాట. ఇన్నేళ్లూ ఎన్నోసార్లు నన్ను నేనే అడుక్కుని, తేలక పక్కన పడేసిన ప్రశ్న ఇప్పుడు ఏకంగా అచ్చుకెక్కబోతోంది. పైగా ఆ మాట కింద నిలబడి అందరిముందూ మాట్లాడాలి.

ఆవిడ యూనివర్సిటీలో చరిత్ర చెప్పేది. రాజులూ యుద్ధాలూ ఆవిడకి అక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మధ్యతరగతి వాళ్లు ఎలా బతికారన్నది ఆవిడ చదువు. ఎవరింటికి ఎవరు ఏ వేళకి వెళ్లాలి, వచ్చినవాళ్లని ఏ గదిలో కూర్చోబెట్టాలి, ఇంట్లో పనివాళ్లు ఎందరుంటే ఆ ఇంటాయన్ని ఏ మెట్టుమీద లెక్కేస్తారు, డాక్టరు భార్య కనిపిస్తే గుమాస్తా భార్య ముందుగా పలకరించొచ్చా, ఇలాంటివి. కాకినాడలో పుట్టిన మనిషికి ఈ గొడవంతా దేనికండీ అని ఒకసారి అడిగాను. "కాకినాడలో పుట్టాను కాబట్టే" అంది. ఆపైన ఇంకేమైనా చెబుతుందని చూశాను, చెప్పలేదు. అసలు సంగతి వచ్చే చోటికి రాగానే ఆపెయ్యడం ఆవిడకి అలవాటు.

చూడండి, "అంది" అని రాస్తున్నాను. "అన్నారు" అనాలేమో. మొదట్లో అయితే అన్నారనే అనేదాన్ని.

మా పారమట్టా చుట్టుపక్కల ఎవరైనా తెలుగువాళ్లు కొత్తగా కాపురం పెట్టారని తెలిస్తే వెళ్లి చూసొచ్చేది. సన్నంచు నేతచీర, దానిమీద గడ్డి టోపీ. గుమ్మం దగ్గర చెప్పులు విప్పేది, టోపీ తీసేది కాదు. "చెప్పులు మన మర్యాద, టోపీ వాళ్ల మర్యాద" అనేది. సోఫా అంచున కూర్చుని ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి, పావుగంట కాగానే లేచేది. ఇంటివాళ్లు కాఫీ పట్టుకొచ్చేసరికి ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ తినకూడదు, తాగకూడదు, ఆ ఇంటి సంగతులు అడక్కూడదు. వాళ్లు తిరిగి మనింటికొస్తే అప్పుడు పరిచయం మొదలైనట్టు. ఆ కాలపు ఇంగ్లండు పద్ధతట. మనవాళ్లకి తెలిసిన పద్ధతిలో, ఇంటికొచ్చి కాఫీ తాగకుండా వెళ్లిన మనిషికి పొగరైనా ఉండాలి, కోపమైనా ఉండాలి. "మా ఇంట్లో ఏం లోపం కనిపించిందో మరి" అని ఒకావిడ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈవిడేమో ఆవిడ తిరిగి రాలేదని నొచ్చుకుంది. ఇద్దరి మధ్యా నేను.

వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే మెయిల్‌బాక్సులో ఒక కార్డు వేసి వచ్చేది. చిన్న తెల్లటి అట్ట, మధ్యలో ఆవిడ పేరు, అంతే. డాక్టరేటు లేదు, ఫోన్ నంబరు లేదు, అడ్రసు లేదు. ఈ ఊళ్లో మెయిల్‌బాక్సులో కార్డు పడిందంటే ఇళ్లమ్మే ఏజెంటు వేసిందని అర్థం. మావాళ్లూ అదే అనుకున్నారు. ఏ కంపెనీయో రాయలేదేమిటని గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. "నంబరు లేకుండా వ్యాపారం ఎలా సాగుతుందండీ పాపం" అని ఒకాయన నిజంగానే జాలిపడ్డాడు.

ఇంకో అలవాటుండేది. ఎవరింట్లో అయినా కప్పో పళ్లెమో చేతికొస్తే తిరగేసి అడుగు చూసేది, ఎక్కడ తయారైందో. ఖాళీ కప్పయితే ఫరవాలేదు. ఒకసారి సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం ప్లేటు తిరగెయ్యబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక్కడి ఇళ్లలో గుమ్మం పక్కనే ఒక గది ఉంటుంది. ఫార్మల్ లాంజ్ అంటారు. ఇంట్లో ఉన్న మంచి సోఫా, అద్దాల బీరువా, పెళ్లి ఫొటోలు అందులో పెడతారు. పెట్టాక ఇంట్లోవాళ్లెవరూ అటు వెళ్లరు. బతుకంతా వెనకాల వంటింటి పక్కనే గడిచిపోతుంది. ఆవిడ ఎవరింటికెళ్లినా ఆ గదిని చూసి మహా సంతోషపడేది. "చూశారా, మధ్యతరగతి అంటే ఇదే. రాని మనిషి కోసం తుడిచి పెట్టుకునే గది" అనేది. దసరా భోజనాలప్పుడు హాల్లో డాక్టర్లు ఒక బల్ల దగ్గర, కంప్యూటర్లవాళ్లు ఇంకో బల్ల దగ్గర, స్టూడెంట్లు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని గోడవారగా చేరితే, అటూ ఇటూ చూసి, "ఇదంతా నాకు తెలిసిందే. తారీఖులు మారాయంతే" అనేది. డాక్టర్లు రండి రండి అని పిలుస్తున్నా వినిపించుకోకుండా పోయి స్టూడెంట్ల పక్కన కూర్చునేది, టోపీతో సహా. వాళ్లమీద అభిమానమా అని అడిగితే, "అక్కడ గాలొస్తుంది" అంది.

నేను ఆవిడ ఇంటికి మొదట వెళ్లింది పనిమనిషిగా. ఇక్కడ ఆ మాట అనరు, క్లీనింగ్ అంటారు. చదువుకోడానికి వచ్చిన రోజులవి. రేపల్లెలో మా ఇంటికి అంట్లు తోమడానికి ఒకామె పెరటి గుమ్మంలోంచి వచ్చేది. ఆమె కాఫీ గ్లాసు విడిగా గూట్లో ఉండేది. విమానం ఎక్కేదాకా నా కంచం నేను కడుక్కున్న పాపాన పోలేదు. అలాంటిదాన్ని ఇక్కడ వాళ్లవీ వీళ్లవీ బాత్రూములు తోముతున్నానంటే అమ్మ తట్టుకోలేదని "పార్ట్‌టైమ్" అన్నాను. ఏం పార్ట్‌టైమో అమ్మ అడగలేదు.

మొదటిరోజు అలవాటు కొద్దీ ఇంటి పక్కనుంచి వెనక్కి వెళ్లాను. మిగతా ఇళ్లవాళ్లు బట్టలుతికే గది తలుపు తీసి ఉంచేవాళ్లు, మేం అటునుంచి వచ్చి అటునుంచే వెళ్లిపోయేవాళ్లం. ఇక్కడ వెనక తలుపుకి తాళం. ముందుకొచ్చి బెల్లు కొట్టాను. ఇస్త్రీ చీరలో ఆవిడ తలుపు తీసి, "రండి, మీకోసమే చూస్తున్నాను" అంది. ముందు గదిలో కూర్చోబెట్టింది. గులాబీలున్న పింగాణీ కప్పులో టీ పోసింది. ట్రైన్లో సీటు దొరికిందా, ఎండ ఎలా ఉంది అని అడిగింది. నా సంచిలో రబ్బరు గ్లవుజులు, స్పాంజీలు, ఫినాయిలు సీసా ఉన్నాయి. ఆ సంచి ఒళ్లో పెట్టుకుని ఆ సోఫామీద కూర్చోవడం కన్నా ఆవిడ బాత్రూము రెండుసార్లు తోమడం నయమనిపించింది. టీ అయ్యాక, "ఇక మీ పని చూసుకోండి" అని తను వెళ్లి పుస్తకం పట్టుకుంది.

వెళ్లినప్పుడల్లా ఇదే వరస. ముందు తలుపు, "మీరు", గులాబీల కప్పు. నా పనిమీద పెత్తనం చేసేది కాదు. కానీ ఒకసారి నేను తుడిచి వచ్చిన కిటికీ అంచుమీద వేలితో రాసి చూసుకుంది. ఆ వేలు నాకు చూపించలేదు, కొంగుకి తుడిచేసుకుంది. అది మర్యాదో, దెప్పడమో నాకు అంతుపట్టలేదు.

"మేడమ్, టీ వద్దండీ. ఇంకో ఇంటికి వెళ్లాలి, ఆలస్యమైపోతోంది" అన్నాను ఒకరోజు ధైర్యం చేసి.

"నా ఇంట్లో పనిచేసే మనిషి ముందు తలుపులోంచి వస్తుంది. కూర్చుంటుంది. టీ తాగుతుంది. ఇందులో మీ ఇష్టాయిష్టాలు అడగలేదు నేను" అంది.

మర్యాద చేస్తూ కూడా దబాయించొచ్చని అప్పుడే తెలిసింది. ఆ రోజు రెండో ఇంటావిడ చేత చీవాట్లు తిన్నాను.

తర్వాత నా చదువైంది, పెళ్లైంది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. పారమట్టాలో గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. క్లీనింగ్ మానేశాను. ఉద్యోగంలో చేరిన వారంలోనే కాజాల డబ్బా పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. కొత్త చీర కట్టుకున్నాను. సంచి లేదు, గ్లవుజుల్లేవు. ఇవాళైనా ఆ సోఫాలో వెనక్కి వాలి, ఆ గులాబీల కప్పులో టీ హాయిగా తాగుదామనే వెళ్లాను. దారంతా అదే ఊహించుకున్నాను.

బెల్లు కొట్టాను. ఆవిడ జానెడు తలుపు తీసి మొహం బయటపెట్టింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇటు కాదు. వెనకనుంచి రా" అని తలుపేసేసింది.

ఆ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. వెళ్లిపోదామనుకున్నాను. మరి కాళ్లు ఎందుకు వెనక్కి నడిచాయో! చెత్తడబ్బాల పక్కనుంచి, వేడినీళ్ల ట్యాంకు పక్కనుంచి, కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెళ్లాను. ఆవిడ వెనక తలుపు తీసుకుని నిలబడి ఉంది. వెలిసిపోయిన నైటీ, తలనిండా నూనె, మెడమీద పాత తువ్వాలు. ఆ అవతారంలో ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా చూశారని కూడా అనుకోను.

"ఏం తెచ్చావ్?" అంది. డబ్బా లాక్కుని మూత తీసి, ఒక కాజా నిలబడే తినేసింది. వేళ్లు నాక్కుంది. "ఉద్యోగం వచ్చిందటగా. కాళ్లు తుడుచుకో, ఇప్పుడే ఇల్లు తుడిచి చచ్చాను" అంది. వంటింట్లో పీట లాంటి చిన్న స్టూలు చూపించి, స్టీలు గ్లాసులో కాఫీ పోసిచ్చింది. ఆ రోజునుంచి ఆ గ్లాసు నాదైంది. సింకు పక్కన గూట్లో విడిగా ఉండేది. విడిగా ఎందుకుందో నేను అడగలేదు. మా రేపల్లె గూట్లో గ్లాసు గుర్తొచ్చి ఆ కాఫీ సగంలోనే దించేశాను.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా వెనకనుంచే. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. కొన్నాళ్లకి "ఏమే" కూడా వచ్చింది. డాక్టర్లూ ప్రొఫెసర్లూ వస్తే ముందు గది, గులాబీల కప్పులు, టోపీ ఒక్కటే తక్కువ. పనిచేసినన్నాళ్లూ ముందునుంచి రానిచ్చిన మనిషి, ఆఫీసరమ్మనయ్యాక వెనకనుంచి రమ్మంటుంది. ఏ లెక్కన?

మా ఆయన తేల్చి పారేశాడు. "అప్పట్లో పనిమనిషి దొరకడం కష్టమని మర్యాద చేసింది. ఇప్పుడు అలుసైపోయావు. ఆవిడ కళ్లకి నువ్వెప్పటికీ పనిమనిషివే. నువ్వు వెళ్లడం మానెయ్."

అమ్మకి ఫోన్లో చెప్పాను, క్లీనింగ్ సంగతి మాత్రం దాటేసి. "పెరట్లోంచి రమ్మందంటే ఇంటి మనిషిని చేసుకుందే పిచ్చిమొహమా" అంది.

"మరి మనింటికి పెరట్లోంచి ఎవరొచ్చేవాళ్లమ్మా?"

"పనామె వచ్చేది. మీ మేనత్త వచ్చేది" అంది.

ఇంకేం తేలుతుంది!

ఆదివారాలు ఆవిడ ఒక పాత ఇల్లు చూపించేది. ఎప్పటిదో తెల్లదొరల కాలపు ఇల్లు, మ్యూజియం చేశారు. చూడటానికి వచ్చినవాళ్లని గది గదికీ తిప్పి చెప్పడం ఆవిడ పని, జీతం లేదు. ఒకసారి మా ఆయనతో కలిసి నేనూ వెళ్లాను. గుంపులో నన్ను చూసింది, చూడనట్టే ఊరుకుంది. అందరికీ చెప్పినట్టే చెప్పుకుపోయింది. ముందువైపు వెడల్పాటి చెక్కమెట్లు, ఇంటివాళ్లకీ అతిథులకీ. వెనకవైపు ఇరుకు మెట్లు, పనివాళ్లకి. పనిపిల్ల బొగ్గుల బుట్టతో ఎక్కుతున్నప్పుడు యజమాని ఎదురైతే ఆ పిల్ల గోడకేసి తిరిగి నిలబడాలి. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు, ఒకరికొకరు కనబడకూడదు. ఇరుకు మెట్లమీద చెయ్యి వేసి చెబుతుంటే ఆవిడ గొంతులో కోపముందో ముచ్చటుందో నాకు తెలియలేదు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది చివర, ఇంగ్లీషులో.

నేను చెయ్యెత్తాను. మా ఆయన మోచేత్తో పొడిచాడు. అయినా నేనూ ఇంగ్లీషులోనే అడిగాను. "ఒక మనిషిని మొదట ముందు తలుపులోంచి రానిచ్చి, కొన్నాళ్లయ్యాక వెనక తలుపులోంచి రమ్మంటే, దానికి అర్థమేమిటి?"

ఆవిడ టోపీ కిందనుంచి నన్ను సూటిగా చూసింది. గుంపంతా జవాబు కోసం చూస్తోంది.

"ఆ శతాబ్దంలో అలా జరగలేదు" అంది. "ఇక పక్కగది చూద్దాం."

ఇంటికొచ్చేదాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ వారం వెళ్లకూడదనుకున్నాను, శనివారం మళ్లీ వెళ్లాను. మ్యూజియం సంగతి ఆవిడ ఎత్తలేదు.

ఒక్కసారి మాత్రం దగ్గరిదాకా వచ్చింది. గుత్తివంకాయ కోసం వంకాయలు కోస్తోంది. ఏదో రేడియో మాటలు వింటూ, నాతో కాదన్నట్టు మొదలుపెట్టింది. "ఈ తెల్లవాళ్ల ముత్తాతలు ఎలా బతికారో వాళ్ల పిల్లలకే ఏళ్ల తరబడి పాఠాలు చెప్పానే. పార్టీలకి పిలిచారు. పూలగుత్తులిచ్చారు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ముందు గదే. ఒక్క మహాతల్లి కూడా, వంటింట్లోకి రా, ఈ ఉల్లిపాయలు తరిగిపెట్టు అనలేదు. ఎంత మర్యాద చేశారో!"

సందు దొరికింది కదా అని దూరిపోయాను. "అందుకేనా నన్ను వెనకనుంచి రమ్మంటారు?"

కత్తి ఆగింది.

"ముందు తలుపు గడియ బిగుసుకుపోయింది. తియ్యలేక చస్తున్నాను, అందుకు" అంది. కోసిన వంకాయలు ఉప్పునీళ్లలో వేసింది. ఆమీద, "ఏమే, వెళ్లేలోపు ఆ నాలుగు గిన్నెలు తోమేసి వెళ్లు" అంది.

తోమాను. మా అమ్మ చెబితే తోమినట్టు తోమానో, ఆవిడ దగ్గర పాత అలవాటు కొద్దీ తోమానో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ గుడ్డ పట్టుకుని పక్కన నిలబడి ఒక్కో గిన్నే తుడిచింది. తుడిచాక ఒకదాని అడుగు తిప్పి చూసి, "జిడ్డు పోలేదు" అని మళ్లీ నా చేతికిచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం గుత్తివంకాయ కూర డబ్బాలో పెట్టిచ్చింది. అంత రుచైన కూర నేను మళ్లీ తినలేదు.

మర్నాటికి గడువిచ్చిన మాయకి చెప్పడానికి ఒక్క మాటా దొరక్క, ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి, మాయ దిగిన ఆవిడ ఇంటికే వెళ్లాను. అక్కడికి వెళ్తే ఏమైనా తోస్తుందనుకున్నాను. చెత్తడబ్బాల పక్కనుంచి వెనక్కి వెళ్లాను. తలుపుకి తాళం. మొదటిరోజు లాగే. తియ్యడానికి ఆవిడ లేదని అప్పుడు నిజంగా తెలిసింది. ఆ మెట్టుమీద కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని ముందుకొచ్చి బెల్లు కొట్టాను.

మాయ తలుపు తీసింది. గడియ చప్పుడు కూడా లేకుండా జారింది.

"వెనకనుంచి ఎవరో నడుస్తున్నట్టు వినిపించింది. వాజ్ దట్ యూ? అటెందుకెళ్లావ్?"

"నేనెప్పుడూ అటునుంచే వస్తాను."

మాయ నన్ను వింతగా చూసింది. "అటునుంచి అమ్మ నన్నెప్పుడూ రానివ్వలేదు" అంది.

ముందు గదిలో కూర్చున్నాం. ఇద్దరం సోఫా అంచునే కూర్చున్నామని కాసేపటికి గమనించాను.

"నేను క్యాన్‌బెరా నుంచి డ్రైవ్ చేసుకుని వస్తే, అమ్మ పట్టుచీర కట్టుకుని డోర్ దగ్గర నిలబడేది" అంది మాయ. "ఆ రోజ్ కప్స్. డ్రైవ్ ఎలా జరిగింది, హారిసన్‌లో చలి ఎలా ఉంది. ఎవ్రీ సింగిల్ టైమ్. డిషెస్ చెయ్యబోతే, నో నో, నువ్వు కూర్చో. ఐ వాజ్ ఎ విజిటర్, సుధా. మా అమ్మ ఇంట్లో."

"మర్యాదేమో మాయా. అమ్మాయి పుట్టింటికొస్తే ఏ తల్లి పని చెబుతుంది?"

"ఈజ్ దట్ వాట్ ఇట్ వాజ్?"

"తెలీదు" అన్నాను. ఆవిడ తనచేత గిన్నెలు తోమించుకోలేదని ఒక మనిషి బాధపడుతుంటే ఏమని ఓదార్చాలి? తోమినందుకు నేను బాధపడ్డాను. ఇదే మాట పైకి అనబోయి మింగేశాను.

మాయ కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. బీరువాలు తీస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు. నేనూ వెళ్లాను. పంచదార ఎక్కడుందో ఆమెకి తెలీదు. ఆవిడ కాఫీపొడి ఫ్రిజ్‌లో పెడుతుందని తెలీదు. పాలగిన్నె, మూత, చిల్లుల గరిటె ఒక్కొక్కటే నేను తీసిస్తుంటే మాయ ఆ చిన్న స్టూలు మీద కూర్చుని చూసింది. వెనక తలుపు తాళంచెవి పోపుడబ్బా వెనక మేకుకి ఉంది. అది తీసి నేనే తలుపు తెరిచాను. గాలొచ్చింది.

గూట్లోంచి నా గ్లాసు తీశాను.

"అదెవరిది?"

"నాదే."

"నాకిక్కడ గ్లాసు లేదు" అంది. గులాబీల కప్పు తెస్తానని నేను కదిలితే, "నో. నాకూ అలాంటిదే కావాలి" అని చిన్నపిల్లలా పట్టుబట్టింది. ఇల్లంతా వెతికినా ఇంకో స్టీలు గ్లాసు దొరకలేదు. చివరికి ఆవిడ పెరుగు తోడేసుకునే గిన్నెలో పోసుకుని, రెండు చేతులతో పట్టుకుని తాగింది. మూతి కాల్చుకుంది.

అలాగే ఫోన్ తీసింది. "ప్రింటర్ వెయిట్ చేస్తున్నాడు. నీకేం పెట్టను?"

దారంతా మాటలు వెతుక్కుంటూనే వచ్చాను. స్నేహితురాలు అంటే ఆవిడ పకపకా నవ్వుతుంది. పనిమనిషి అంటే లేచొచ్చి కొడుతుంది. కూతురిలాంటిది అందామంటే, అసలు కూతురు ఎదురుగా పెరుగుగిన్నెతో కూర్చుంది.

"తెలీదు మాయా" అన్నాను. "నిజంగా తెలీదు."

"ఓకే. దెన్ పేరు ఒక్కటే. అమ్మ కార్డు లాగ" అంది. వేలితో ఏదో చెరిపింది. ఆగింది. మళ్లీ ఏదో చెరిపి ఫోన్ నాకు చూపించింది. నా పేరు కింద ఖాళీ. తన పేరు కింద కూడా ఖాళీ. డాటర్ అన్న మాట లేదు.

"అదెందుకు తీశావ్? పెట్టు మాయా, నా మాట విని పెట్టు. నీకేం, నువ్వు కూతురివి."

"ఐ డోంట్ నో" అంది. కోపం కాదు. ఏడుపూ కాదు. నాకు తెలిసిన మొహమే. అద్దంలో నేను చాలాసార్లు చూసుకున్నదే. నేను ఇంకోమాట అనేలోపు పంపేసింది.

నేను గ్లాసూ గిన్నే తోమాను. మాయ గుడ్డ పట్టుకుని పక్కన నిలబడింది. వెళ్లేటప్పుడు ఆమె అలవాటు కొద్దీ ముందు తలుపులోంచి వెళ్లింది, నేను అలవాటు కొద్దీ వెనకనుంచి వెళ్లాను. కార్ల దగ్గర కలిశాం.

"బ్యాక్ డోర్ లాక్ చేశావా?" అంది.

"తాళంచెవి లోపల మేకుకే పెట్టేశాను."

మాయ మళ్లీ ముందు తలుపు తీసుకుని లోపలికెళ్లింది. నేను చెత్తడబ్బాల పక్కనుంచి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఆమె లోపలినుంచి వచ్చి వెనక తలుపు తీసింది. గడపమీద ఆగి, నన్నూ చెత్తడబ్బాల్నీ చూసింది. బయటికొచ్చి తాళం వేసింది. తాళంచెవి నా చేతికివ్వబోయి, ఏమనుకుందో, తన జేబులో వేసుకుంది. కారుదాకా వచ్చాక మళ్లీ తీసి నా అరచేతిలో పెట్టింది.

ఆ ఇల్లు ఇప్పుడు ఆమెది. అందులో నాకేం పనుందని ఆమె అనుకుందో నేనడగలేదు.